ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్ హౌసింగ్ వెడల్పు తగ్గించడం

వెనక చక్రాల యాక్సిళ్లు లోపల తిరిగే ఈ గొట్టాన్ని టేపుతో కొలిచి, కోసి, అతికిస్తే సరిపోదు. వెల్డింగ్ వేడికి ట్యూబ్ వంగుతుంది. ఆ వంకరే బేరింగునూ సీలునూ తినేస్తుంది. అందుకే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్లు) బేరింగులు కూర్చునే చోట, హౌసింగ్ రెండు చివర్లలో లేత్‌లో తిప్పిన అల్యూమినియం బిళ్లలు పెట్టి, వాటి గుండా 38 మి.మీ. తిన్నని రాడ్ దూర్చాను.

కొత్త చివరలకు ముందు నాలుగు టాకులు, అంటే చుక్కల్లాంటి చిన్న వెల్డింగులు. తర్వాత అంగుళం వెల్డింగ్ కుట్టు, దానికి ఎదురుగా ఇంకో అంగుళం. చెయ్యి ఆనేంత చల్లారాకే మళ్లీ. నీళ్లు మాత్రం పోయకూడదు. ప్రతి కుట్టుకూ రాడ్ చేత్తో తిరగాలి. ఒకచోట బిగుసుకుంది. కుట్టు వైపు ట్యూబ్ లాగేసింది కాబట్టి, ఎదురు వైపు రూపాయి బిళ్లంత చోటు ఎర్రగా కాల్చి వదిలేస్తే, చల్లారుతూ తిన్నబడింది.

యాక్సిళ్ల ఆర్డరు ఆఖర్న. ఇందులో పినియన్ (డిఫరెన్షియల్‌ను తిప్పే చిన్న గేరు) సరిగ్గా మధ్యలో ఉండదు, దాన్ని మధ్యకు తేవాలంటే రెండు యాక్సిళ్ల పొడవులూ వేరు.