చెరువు బురదలో మీథేన్ పట్టే పద్ధతి

సముద్రగర్భం నుంచి సహజవాయువు ఎలా ఊరుతుందో చెప్పాల్సి వస్తే, హనుమకొండలో సైన్సు చెప్పే నేను పిల్లలను చెరువుకే తీసుకువెళతాను. బురదలో పుట్టే మీథేన్ అనే వాయువే సహజవాయువులోనూ ప్రధాన భాగం. ఈ ప్రయోగం మీరూ చేయించండి.

ఎండాకాలం మేలు. నీళ్లు వెచ్చబడితే బురదలోని సూక్ష్మజీవులు జోరుగా పనిచేస్తాయి. తామరాకులు, గుర్రపుడెక్క కుళ్లి నల్లబడిన ఒడ్డు వెతకండి. తూము దగ్గర వద్దు, లోతు ఎక్కువ. పిల్లలెవరూ నీటిలో దిగకూడదు. పూడికలో కాలు కూరుకుపోతే బయటికి రావడం కష్టం. పని అంతా గట్టు మీద నుంచి, పొడవాటి వెదురు కర్రలతోనే.

ప్లాస్టిక్ సీసాను నిండా నీటితో నింపి, నీటిలోనే బోర్లించి, మూతిలో గరాటు కాడ దూర్చి బిగించండి. గాలి కొంచెం కూడా మిగలకూడదు. దాన్ని ఒక కర్రకు కట్టి నీటిలో ఉంచి, రెండో కర్రతో సరిగ్గా దాని కింది బురదను పొడవండి. ముందు నల్లటి మడ్డి లేస్తుంది. వెంటనే శనగగింజంత బుడగలు గుంపుగా వచ్చి గరాటు లోపలి గోడకు అంటుకుంటాయి. కర్రతో మెల్లగా తడితే ఒక్కొక్కటే సీసాలోకి ఎక్కి నీటిని కిందికి తోస్తాయి. చూసి తీరవలసిన దృశ్యం! సగం నిండాక నీటిలోనే మూత పెట్టండి. 1776లో శాస్త్రవేత్త వోల్టా ఇటలీలోని మజోరె సరస్సు దగ్గర బురదను కెలికి పట్టింది ఈ వాయువునే.

సీసాకు మంట చూపవద్దు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే పేలుతుంది. వెలిగించి చూపాలంటే ఒక చిన్న పరీక్షనాళికెడు వాయువుతో, ఆరుబయట, ఉపాధ్యాయులే చేయాలి.

ఇక్కడే సముద్రం సంగతి చెప్పండి. సముద్రపు నీటిలో సల్ఫేటు (గంధకం ఉన్న లవణం) పుష్కలం. దాని సాయంతో సూక్ష్మజీవులు మీథేన్‌ను చాలావరకు బురదలోనే తినేస్తాయి. అయినా ఒకే చోట బుడగలు ఆగకుండా వస్తున్నాయంటే అడుగున సరఫరా బలంగా ఉన్నట్టు. నీరు లోతు తక్కువైతే అవి కరిగిపోకముందే గాలిలో కలుస్తాయి. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా తీరంలో 1982లో ఇలాంటి ఊటల మీద రెండు భారీ ఉక్కు గుడారాలు దించి, గ్యాసును గొట్టంతో ఒడ్డుకు చేర్చారు. పని చేసే సూత్రం మన గరాటుదే.

చెరువులో బుడగలు చూసి కింద చమురు ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. భూమి లోతుల్లో వేడికి పుట్టిన వాయువులో ఈథేన్, ప్రొపేన్ కూడా ఉంటాయి. బురదలో పుట్టినదాంట్లో అవి దాదాపు ఉండవు. ఆ తేడా ప్రయోగశాలలోనే తేలుతుంది.

సీసా మీద తేదీ, వేళ, ఆనాటి వాతావరణం రాయించడం మరవకండి. గాలి పీడనం తగ్గినప్పుడు చెరువులో, ఆటు సమయంలో సముద్రంలో బుడగలు ఎక్కువవుతాయి.