బందరు కోట చరిత్రను నేల మీద చదవడం ఎలా

బందరు (మచిలీపట్నం) కోటకు వెళ్లినవారిలో చాలామంది శిథిలమైన కట్టడాల ముందు నాలుగు ఫోటోలు తీసుకుని, చూడడానికి ఏమీ మిగల్లేదని తిరిగి వస్తారు. కొండవీడులాగా కొండ మీది ప్రాకారాల కోసం వెతికితే అలాగే అనిపిస్తుంది. ఆయుధాగారం, గంట మేడ వంటివి కొన్ని మాత్రమే నిలిచిన మాట నిజమే. కానీ ఈ కోటకు బలం చుట్టూ ఉన్న ఊబి నేలా, సముద్రపు పోటూ ఇచ్చినవి. అందుకే ఇక్కడ గోడల కంటే ముందు నీటిని చూడాలి.

వానలు వెనకబట్టి, పల్లాల్లో ఇంకా నీరు నిలిచి ఉండే రోజుల్లో, తుపాను హెచ్చరికలేవీ లేవని నిర్ధారించుకుని బయలుదేరండి. ఎండాకాలంలో నేల గట్టిపడి అసలు విషయాన్ని దాచేస్తుంది. ఆనాటి పోటుపాట్ల వేళలు ముందే రాసుకోండి. పాత ఊరు కోటకు వాయవ్యాన సుమారు మైలున్నర దూరంలో ఉండేది. రెండింటి మధ్య చిత్తడి మీదుగా వేసిన కట్టే దారి. ఊరి వైపు నుంచి నెమ్మదిగా నడుస్తూ, నేల ఎక్కడ మెత్తబడుతోందో, కాలువలు ఎటు వంపు తిరుగుతున్నాయో చేతి పటంలో గుర్తించుకుంటే, ఫిరంగులు లాగే ఎడ్లకు ఈ ప్రదేశం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఆ పటం చేతిలో పెట్టుకుని 1759 నాటి ముట్టడిని చదవండి. 1750లో బందరును ఆక్రమించిన ఫ్రెంచివారు కోటను బలపరిచారు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనను ఓడించిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సేనాని కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు బలగంతో కలిసి మార్చిలో బందరు చేరాడు. లోపల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దండులో మనుషులు ఎక్కువ. బయట ఫోర్డ్ దగ్గర మందుగుండు అయిపోవస్తోంది. వెనక నుంచి నిజాం సలాబత్ జంగ్ సైన్యం దగ్గరపడుతోంది. ఏప్రిల్ 7 అర్ధరాత్రి, అగడ్తలో నీరు తగ్గే పాటు వేళ చూసి, ఫోర్డ్ అసలు దాడిని ఈశాన్య బురుజు మీదికి పంపాడు. అతని అధికారి కాప్టెన్ నాక్స్ నైరుతిన, ఎవరూ రాలేరని ఫ్రెంచివారు నమ్మిన ఊబి వైపు నుంచి, దృష్టి మళ్లించే దాడి చేశాడు. రాజుగారి మనుషులు కట్ట వైపు అలజడి సృష్టించారు. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది; పట్టుబడినవారి సంఖ్య పట్టుకున్నవారి కంటే ఎక్కువ. మే 14న సలాబత్ జంగ్ బందరునూ దాని చుట్టుపక్కల ప్రాంతాలనూ కంపెనీకి రాసిచ్చాడు. ఈ మూడు దిక్కులనూ మీరే నిలబడి చూస్తే, గెలుపును సాహసం మాత్రమే తెచ్చిపెట్టలేదని, పోటుపాట్ల లెక్క కూడా అందులో ఉందని అర్థమవుతుంది.

తరవాత ఇక్కడ బతికిన మనుషుల సంగతి. ఇందుకు ఊళ్లోని డచ్చి సమాధులను మొదట చూడండి. ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వ్యాపార కేంద్రం పెట్టకముందే డచ్చివారు వచ్చారు. అరిగిన అక్షరాలపై సుద్దముక్క రుద్దకండి, నీళ్లు పోయకండి. పొద్దున గానీ సాయంత్రం గానీ, ఎండ ఏటవాలుగా పడే వేళ, ఒక చిన్న అద్దంతో వెలుగును పక్క నుంచి పలకపైకి మళ్లిస్తే, మధ్యాహ్నం నున్నగా కనిపించిన చోటే వంశచిహ్నపు గీతలూ, తేదీ అంకెలూ నీడలతో పైకి లేస్తాయి. పేరు, వయసు, ఉద్యోగం, మరణించిన సంవత్సరం నాలుగూ విడివిడిగా రాసుకోండి. అయితే కోట దండులో పెద్ద భాగమైన సిపాయిలకు ఇలాంటి పలకలు లేవు. వారి జాడ కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాభిలేఖాగారంలో, మద్రాసు ప్రభుత్వపు సైనిక దస్త్రాలను తిరగేయవలసిందే. ఆ శ్రమ పడకుండా రాసే కోట చరిత్ర అధికారుల చరిత్రగానే మిగులుతుందని నా అభిప్రాయం.

దస్త్రాల్లో తప్పక వెతకవలసిన సంవత్సరం 1809. మద్రాసు గవర్నరు బార్లో పొదుపు చర్యలతో మద్రాసు సైన్యాధికారులు అప్పటికే రగిలిపోతున్నారు. బందరులోని మద్రాసు యూరోపియన్ రెజిమెంటు నుంచి కొందరిని ఓడల మీద పనికి పంపాలన్న ఆజ్ఞ రాగానే, అధికారులు తమ కమాండరు ఇన్నెస్‌ను నిర్బంధించారు. సర్దుబాటు చేయడానికి మద్రాసు నుంచి కంపెనీ సైన్యాధికారి జాన్ మాల్కమ్ రావలసివచ్చింది. సిపాయిల తిరుగుబాట్లు మనకు బాగా తెలుసు. తెల్ల అధికారులే ధిక్కరించిన ఈ ఘటనను బందరువాసులు సైతం అరుదుగా తలుస్తారు.

చివరగా 1864 నవంబరు 1 నాటి ఉప్పెన. సుమారు 30,000 మంది ప్రాణాలు తీసిన ఆ నీరు, కోటకు రక్షణగా నిలిచిన పల్లం మీదుగానే లోపలికి వచ్చింది; ఆ తరవాత బందరు సైనిక స్థావరంగా మళ్లీ కోలుకోలేదు. దాని గురించి కుటుంబాల్లో నిలిచిన మాటలు ఉంటే పెద్దలను అడిగి, వారు చెప్పినట్టే రాసుకోండి. మీ నోటుపుస్తకంలో మీరు కొలిచినది, కాగితంలో చదివినది, మనుషుల నోట విన్నది వేర్వేరు పేజీల్లో, తేదీతో సహా ఉంచితే, తరవాత వచ్చేవారు ఏది దేనిపై ఆధారపడిందో సరిచూసుకోగలుగుతారు.