బెయిలవుట్ వాల్వ్ మౌత్‌పీస్: ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి

రీబ్రీదర్ అంటే వదిలిన ఊపిరిని శుభ్రం చేసి మళ్లీ పీల్చుకోనిచ్చే డైవింగ్ పరికరం. ఆపదలో దాన్నుంచి విడి సిలిండర్ గాలికి మార్చే, నోటి దగ్గరుండే వాల్వే బెయిలవుట్ వాల్వ్. మామూలు స్కూబా రెగ్యులేటర్ కంటే ఇది బరువు. గంటసేపు కరిచిపడితే దవడ పీకేస్తుంది. మెత్తటి సిలికాన్‌తో, పళ్లమధ్య పట్టు పొడవుగా ఉన్నదే తీసుకోండి. వాల్వ్ మెడ కోలదా, గుండ్రమా ముందే చూసుకోవాలి.

మౌత్‌పీస్‌ను వాల్వ్‌కు బిగించే జిప్‌టై (ప్లాస్టిక్ పట్టీ) గాడిలోనే కూర్చోవాలి. తోకను మొదలంటా కత్తిరించకపోతే పెదవి గీసుకుంటుంది.

కొరికే చోటును వంచి, వెలుతురులో చూడండి. వెంట్రుకంత చీలిక ఉన్నా మార్చేయండి, అతికించొద్దు. వాల్వ్ మూసి లీకుల కోసం చేసే ప్రెషర్ టెస్టుకు ఈ చీలిక దొరకదు, మౌత్‌పీస్ వాల్వ్‌కు బయట ఉంటుంది కదా! చీలికలోంచి నీళ్లు లూప్‌లోకి (ఊపిరి తిరిగే గొట్టాల్లోకి) దిగి, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే స్క్రబ్బర్ సున్నాన్ని తడిపితే నోరు మండే క్షారమే వస్తుంది.

హైదరాబాద్ బోరునీళ్లు తెల్లపొర కడతాయి. చివరిసారి ఫిల్టర్ నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. మే ఎండలో కారు డిక్కీలో వదిలేయొద్దు.