మోడల్ రైలు వ్యాగన్ పొట్ట ఉబ్బిందా? ముందు లోపలున్న బంక సంగతి తేల్చండి

"ఏడాదిపాటు లక్షణంగా తిరిగిందండీ, ఈ మధ్యే పాయింట్ల మీదికి రాగానే పట్టా తప్పుతోంది." ఈ ఫిర్యాదు చేసేవాళ్లు అప్పటికే పాయింటు (పట్టా రెండుగా చీలే చోటు) ఊడదీసి మళ్లీ బిగించి ఉంటారు, చక్రాలు మార్చి ఉంటారు, కప్లింగు కూడా అరగదీసి ఉంటారు. వ్యాగన్ పక్కగోడకి ఒక ఉక్కు స్కేలు ఆనించి వెలుతురుకు పెట్టి చూసినవాళ్లు మాత్రం కనబడరు. అర నిమిషం పని అది. దయచేసి ముందు అది చేయండి, మిగతావన్నీ తర్వాత.

ఇక్కడ రాసిందంతా 16.5 మి.మీ. పట్టా మీద నడిచే హెచ్‌ఓ (అసలు రైలుకి 87వ వంతు సైజు) మోడల్ రైలు కిట్ల గురించి. మనవైపు మాటల్లో రైలు పెట్టెనే బోగీ అంటాం. కిట్ కాగితంలో బోగీ అంటే పెట్టె కింద తిరిగే నాలుగు చక్రాల బండి. ఇక్కడ కూడా ఆ అర్థంలోనే వాడుతున్నాను.

కట్టిన మొదటి రోజు నుంచే పట్టా తప్పుతుంటే

చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. వెర్నియర్‌తో 14.4 నుంచి 14.5 మి.మీ. రావాలి. 14.2 వస్తే పాయింటు దగ్గర చెక్‌రైలు (చక్రాన్ని దారిలో ఉంచే పక్క పట్టా) మీదికి ఎక్కేస్తుంది. చక్రాన్ని ఇరుసు మీద మెల్లగా తిప్పుతూ జరపండి, లాగొద్దు.

తర్వాత వ్యాగన్‌ని కిటికీ అద్దం ముక్క మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కండి. ఏదైనా ఒక మూల టకటకమంటే ఆ పెట్టె మెలిపడినట్టే. ఒక బోగీ స్క్రూని ముందుకీ వెనక్కీ మాత్రమే ఊగేలా బిగించండి. రెండోదాన్ని పావు తిప్పు వదులు చేసి అన్ని వైపులా ఊగనివ్వండి. మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా కుదురుకున్నట్టు పెట్టె కూడా కుదురుకుంటుంది.

ఇక బరువు. అమెరికాలోని మోడల్ రైళ్లవాళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సిఫార్సు ప్రకారం మొదట 28 గ్రాములు, ఆపైన పొడవులో ప్రతి 25 మి.మీ.కి 14 గ్రాములు. రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు వైపు వెళ్తే కనిపించే బాక్స్ఎన్ వ్యాగన్ (బొగ్గు మోసే మూతలేని పెట్టె) కప్లర్లతో కలిపి 10.7 మీటర్లు ఉంటుంది. హెచ్‌ఓలో అది 123 మి.మీ., కాబట్టి బరువు 97 గ్రాముల దగ్గర ఉండాలి. ఐసీఎఫ్ ప్యాసింజరు పెట్టె 245 మి.మీ. వస్తుంది, దానికి 165 గ్రాములు. ప్లాస్టిక్ కిట్ ఒట్టిగా ఇంత తూగదు, లోపల ఏదో ఒకటి వేయాల్సిందే. అసలు గొడవ మొదలయ్యేది ఆ "ఏదో ఒకటి" దగ్గరే.

నెలల తరబడి బాగా నడిచి, ఆ తర్వాత పట్టా తప్పడం మొదలెడితే

స్కేలు ఆనించినప్పుడు గోడ మధ్యలో స్కేలుని తాకి రెండు చివర్లా సందు కనబడితే పొట్ట ఉబ్బినట్టే. వెర్నియర్‌తో పెట్టె వెడల్పు చివర ఒకసారి, నడుమ ఒకసారి కొలవండి. తేడా 0.3 మి.మీ. దాటితే అనుమానించండి. మూలల్లో, అతుకు వెంబడి రంగు మీద వెంట్రుకవాసి చీలిక ఉందేమో చూడండి. ట్యాంకు వ్యాగన్ అయితే కింద అతుకు విడుతుంది. అడుగుపలక అరటికాయలా వంగితే బోగీ పివట్లు రెండూ చెరోవైపు వాలతాయి, అందుకే పాయింటు మీద పడుతుంది. పాయింటులో తప్పేమీ లేదు.

కారణం లోపల ఉంది. బరువు కోసం సీసపు గుళ్లు వేసి, కదలకుండా వడ్రంగులు వాడే తెల్ల బంక పోసి ఉంటారు. చేపల వలలకు కట్టే గుళ్లు చవగ్గా దొరుకుతాయి, తెల్ల బంక ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఈ జత ఎంత సహజంగా అనిపిస్తుందో అంత చేటు చేస్తుంది.

తెల్ల బంక అంటే పాలీవినైల్ అసిటేట్. ఆరిన తర్వాత కూడా అందులోంచి అసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లోని పులుపు, కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటుంది. ఆ పులుపుకి గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు తోడైతే సీసం తెల్లటి పొడిగా మారుతుంది. పూర్వం రంగులకు వాడిన సీసపు తెలుపు ఇదే. సీసపు రేకుల్ని వెనిగర్ కుండల మీద పేర్చి పేడలో పూడ్చిపెట్టి దాన్ని తయారుచేసేవారు. మీ వ్యాగన్ లోపల జరుగుతున్నదీ అదే పని, కాకపోతే మెల్లగా. ఆ పొడికి అసలు సీసంకన్నా దాదాపు రెట్టింపు చోటు కావాలి. చుట్టూ ఒక మి.మీ. ప్లాస్టిక్ గోడ, పైన మూత. చోటు దొరక్క గోడని తోస్తుంది.

గుళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, ఎందుకంటే ఒకే ముక్క కన్నా చిన్న గుళ్లకి పైభాగం చాలా ఎక్కువ. అన్ని వైపులా మూసేసిన పెట్టెలో ఆమ్లపు ఆవిరి బయటికి పోలేదు. కృష్ణ ఒడ్డున ఉన్న మన విజయవాడలో వానాకాలపు ఉక్కపోత తేమకి లోటు రానివ్వదు. ట్యాంకు వ్యాగన్లు, బీసీఎన్ లాంటి మూత వ్యాగన్లు, బ్రేక్‌వ్యాన్లు ముందు దెబ్బతినేది అందుకే.

మూడు చోట్ల తెలిసినవాళ్లు కూడా మోసపోతారు. ఒకటి, తెల్ల బంక వాడలేదు కదా అని సిలికాన్ పూయడం. బాత్రూం అంచులకు పూసే సిలికాన్ పిండగానే ముక్కుకి వెనిగర్ వాసన కొడితే అదీ అసిటిక్ ఆమ్లమే వదులుతుంది. రెండు, సీసాన్ని ఎపాక్సీతోనే అతికించి, పైన బొగ్గు పొడి నిలవడానికి నీళ్లు కలిపిన తెల్ల బంక చుక్కలు చుక్కలుగా వేయడం. ఆ నీళ్లు పలక సందుల్లోంచి సీసం మీదికి దిగుతాయి. బాక్స్ఎన్ బొగ్గు లోడు కింద ఇది తరచూ జరుగుతుంది. మూడు, సీసం వేసిన పెట్టెల్ని ప్లైవుడ్ డబ్బాలో గట్టిగా మూసి దాచడం. చెక్క కూడా ఆ ఆమ్లాన్నే వదులుతుంది. మ్యూజియంలలో సీసపు వస్తువుల్ని చెక్క బీరువాల్లో ఉంచరు.

ఇక బాగుచేయడం. పొడి సీసం విషం, కాబట్టి ఇంట్లో పిల్లలు, వంట దరిదాపుల్లో పని పెట్టుకోవద్దు. బయట వరండాలో, ఫ్యాను ఆపి, కింద పాత పేపరు పరిచి, చేతికి గ్లౌజులు, ముఖానికి ఎన్95 మాస్కు వేసుకుని మొదలెట్టండి. అడుగుపలక అతుకులో సన్నటి బ్లేడు దించి విడదీయండి. అది రాకపోతే రెండు బోగీల మధ్య, కింద సామాను కప్పేసే చోట కిటికీలా కోయండి. లోపల నీళ్లు చిలకరించి తడిపాకే పొడిని కదపండి. ఊదొద్దు, బ్రష్‌తో దులపొద్దు. తడిపొడిని, గుళ్లని, పేపరుతో సహా కవర్లో మూటగట్టి ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వండి. సింకులో, మొక్కల మొదట్లో పోయొద్దు.

మిగిలిన బంక గోరువెచ్చని నీళ్లలో గంట నానితే జున్నులా మెత్తబడుతుంది. వెదురుపుల్లతో గీకేసి సబ్బునీళ్లతో కడిగి రెండు రోజులు ఆరనివ్వండి. తడిపిన నీళ్లు, కడిగిన నీళ్లు కూడా పాత గుడ్డకి పీల్చి ఆ మూటలోనే వేయండి. ఉబ్బిన గోడ ఇంకా వంకరగానే ఉంటే 55 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, రెండు అద్దం ముక్కల మధ్య పెట్టి రబ్బరుబ్యాండ్లు వేసి పూర్తిగా చల్లారేదాకా వదిలేయండి. మరిగే నీళ్లు పోస్తే గోడ కాస్తా ముద్దవుతుంది. తర్వాత లోపల అడ్డంగా 1 మి.మీ. స్టైరిన్ (కిట్లు చేసే ప్లాస్టిక్) పట్టీలు మూడు అతికించండి.

కొత్త బరువుకి ఇనుప నట్లు చాలు. ఆరు మి.మీ. నట్టు దాదాపు 2.5 గ్రాములు, వన్‌టౌన్ హార్డ్‌వేర్ కొట్లలో తూకానికి దొరుకుతుంది. సీసంకన్నా దాదాపు ఒకటిన్నర రెట్ల చోటు తింటుంది, బీసీఎన్‌లో అదేమీ ఇబ్బంది కాదు. టైరు షాపుల్లో దొరికే 5, 10 గ్రాముల అంటించే బరువులు కూడా మంచివే, కానీ ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అది సీసం కావచ్చు. పట్టాల మధ్య అయస్కాంతపు అన్‌కప్లర్ (పెట్టెల్ని విడదీసేది) వాడేవాళ్లు మామూలు నట్లు వేస్తే వ్యాగన్‌ని అది లాగి పట్టుకుంటుంది, వాళ్లు స్టెయిన్‌లెస్ నట్లు తీసుకోవాలి.

అతికించడం రెండు ట్యూబుల ఎపాక్సీతోనే. సరిసమానంగా కలిపి, ఒక్కో పొర 3 మి.మీ. మించకుండా పోయండి. ఒక్కసారే నిండా పోస్తే గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి ప్లాస్టిక్ వంగుతుంది. మే నెలలో అయిదు నిమిషాల ఎపాక్సీ మూడు నిమిషాలకే బిగుసుకోవచ్చు, కొద్దికొద్దిగానే కలపండి. ఇనుముకి కూడా తెల్ల బంక వద్దు, అందులోని నీళ్లకి తుప్పు పడుతుంది. చోటు బొత్తిగా లేక సీసమే వేయాల్సి వస్తే గుళ్లు కాకుండా ఒకే రేకు ముక్క తీసుకుని, అన్ని వైపులా ఎపాక్సీలో ముంచినట్టు కప్పి, పైన స్టైరిన్ పలక మూసి, అంచులు కూడా ఎపాక్సీతో మూయండి. బొగ్గు ఆ తర్వాతే.

గోడలు లోపలికి లాగితే

ఇది లిక్విడ్ సిమెంట్ (ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే ద్రవం) ఎక్కువై, ఆవిరి బయటికి పోయే దారి లేక గోడని మెత్తబరచడం. కట్టిన రెండు మూడు వారాల్లోనే కనబడుతుంది. అడుగున కనబడని చోట 3 మి.మీ. రంధ్రాలు రెండు వేయండి, లోపల అడ్డపట్టీలు పెట్టండి. నేమ్‌బోర్డులు చేసేవాళ్ల దగ్గర దొరికే క్లోరోఫాం వాడొద్దు, పలచటి గోడని లోతుగా తినేస్తుంది, పీలిస్తే మనిషికీ ప్రమాదం.

రంగు గరుకుగా, ఉప్పుకాగితంలా ఉంటే

మే ఎండలో, 42 డిగ్రీల గదిలో తుంపర పెట్టెని చేరేలోపే ఆరిపోతుంది. తెల్లవారుజామున కొట్టండి, రంగు మెల్లగా ఆరేలా చేసే రిటార్డర్ కొన్ని చుక్కలు కలపండి, ఎయిర్‌బ్రష్ మొన 8 నుంచి 10 సెం.మీ. దూరంలో ఉంచండి. వానాకాలంలో దీనికి తలకిందులు. లాక్వర్ ఆరేటప్పుడు పైపొర చల్లబడి తేమ పట్టి తెల్లగా పాలిపోతుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం, పొడిగా ఉన్న గంటల్లో పని చేయండి. పాలిపోయినదాని మీద ఒట్టి థిన్నర్ తుంపర ఒకటి సన్నగా కొడితే చాలాసార్లు రంగు తిరిగొస్తుంది.

టేపుతో పాటు రంగు లేచొస్తే అచ్చులోంచి ముక్క ఊడిరావడానికి పూసిన నూనె కడగలేదన్నమాట. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టి, ఆ తర్వాత ప్రైమర్. కడిగాక ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు.

రంగు వేశాక చక్రం తిరగకపోతే బేరింగు గుంటలో రంగు చేరింది. ఇరుసు తీసి, అగ్గిపుల్ల మొన థిన్నర్లో ముంచి గుంట తుడిస్తే పోతుంది.

అరుదుగా

త్రీడీ రెజిన్ ప్రింట్ పెట్టె నెలల తర్వాత పగిలితే బోలు గోడల్లో పచ్చి రెజిన్ మిగిలిపోయి ఉంటుంది. రంధ్రం వేసి కార్చి, ఆల్కహాల్‌తో కడిగి, లోపలికి యూవీ వెలుతురు చూపించాలి. చక్రమే గుండ్రంగా లేకపోవడం, పట్టాయే లోపంగా రావడం ఉంటాయి కానీ నూటికి ఒకటి. వాటి జోలికి వెళ్లేముందు ఇంకోసారి స్కేలు ఆనించి చూడండి.