బీఎంఎక్స్ క్రాంక్ పొడవు సరిపోవట్లేదా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

"అన్నా, నాది 175 క్రాంక్, 165కి మారితే బాగుంటుందా?" అని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. బీఎంఎక్స్ అంటే ట్రిక్కులకు, రేసింగ్‌కు వాడే చిన్న చక్రాల సైకిల్. క్రాంక్ అంటే పెడల్స్ బిగించే రెండు ఆర్మ్‌లు, వాటిని కలిపే యాక్సిల్. ఈ అంకెలు ఒక్కో ఆర్మ్ పొడవు, మిల్లీమీటర్లలో. నీది 175 అని నీకెలా తెలుసు అంటే, షాపులో చెప్పారంటారు. టేపు పెట్టి చూసినవాళ్లు అరుదు. ముందు ఆ పని చేయండి. ఆర్మ్ వెనక వైపు సాధారణంగా అంకె కొట్టి ఉంటుంది. కనిపించకపోతే క్రాంక్ యాక్సిల్ మధ్య నుంచి పెడల్ రంధ్రం మధ్య దాకా కొలవాలి. ఈ కొస నుంచి ఆ కొస దాకా టేపు లాగి "200 ఉందన్నా" అని మెసేజ్ పెట్టేవాళ్లకు ఇక సమాధానం ఇవ్వదలచుకోలేదు.

20 అంగుళాల ఫ్రీస్టైల్ సైకిళ్లకు మామూలుగా 175 మిల్లీమీటర్లే వస్తుంది, పెద్దవాళ్లలో చాలామందికి అదే చాలు. ఎత్తు ఐదున్నర అడుగుల లోపు ఉన్నా, గాల్లో సైకిల్ తిప్పే ట్రిక్కులు ఎక్కువ చేస్తున్నా 170 చూడొచ్చు. 165 ఫ్లాట్‌ల్యాండ్ (చదును నేల మీదే ట్రిక్కులు చేసే) వాళ్లకు, ఇంకా ఎదుగుతున్న పిల్లలకు. 180 అనేది రేసింగ్‌లో పొడుగువాళ్ల సంగతి. ఇంతకు మించి ఆలోచించాల్సింది లేదు. మీ దగ్గర ఉన్నది ఈ లెక్కకు సరిపోతుంటే సమస్య ఇంకెక్కడో ఉంది.

మోకాళ్ల నొప్పి, మోకాలు ఛాతీ దాకా వస్తున్నట్టు ఉండటం

సీటు. పదిమందిలో తొమ్మిదిమందికి సీటే. బీఎంఎక్స్ సీటు అంత కిందికి దించి ఉండేది నిలబడి తొక్కుతారని. దాని మీద కూర్చుని నెక్లెస్ రోడ్డు మొత్తం చుట్టి వస్తే ఏ క్రాంక్ ఉన్నా మోకాళ్లు పట్టేస్తాయి. 175 తీసి 165 వేస్తే మోకాలు పైకి వచ్చేది తగ్గేది ఒక్క సెంటీమీటరు. సీటు పోస్టు పైకి లేపితే అంతకు ఎన్నో రెట్లు తేడా వస్తుంది, రూపాయి ఖర్చు లేదు. పోస్టు మీద గీత ఉంటుంది, అది ఫ్రేమ్ బయటికి రాకుండా చూసుకోండి. చాలకపోతే పొడుగు పోస్టు కొనండి, క్రాంక్ కాదు.

పొట్టి క్రాంక్ వేశాక తొక్కడం బరువెక్కింది

చైన్‌కి ఆయిల్ వేస్తారు, హబ్ (చక్రం మధ్య భాగం) విప్పిస్తారు, ఏమీ దొరకదు. దొరకడానికి ఏమీ లేదు కూడా. 175 నుంచి 165కి వచ్చారంటే కాలికి అందే పట్టు దాదాపు 6 శాతం తగ్గింది. చదును రోడ్డు మీద తెలియదు, జూబ్లీహిల్స్ ఎత్తుల్లో మాత్రం బాగా తెలుస్తుంది. ముందు 25 పళ్ల స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం), వెనక 9 పళ్లది ఉంటే, ముందుది 24కో 23కో మార్చండి. 24తో పోయిన పట్టులో చాలావరకు తిరిగొస్తుంది, 23తో ఇదివరకటి కంటే కాస్త తేలికగానే ఉంటుంది. ఆ తర్వాత చైన్ టైట్ చూసుకోవడం మీకు తెలిసిందే.

మలుపులో బూటు ముందు టైరుకు తగలడం

పాదం పెడల్ మీద మరీ ముందుకు పెడుతున్నారు, లేదంటే ఈ మధ్య లావు టైరు వేయించారు. ఈ రెండూ కాదంటేనే క్రాంక్ గురించి ఆలోచించండి.

తొక్కుతుంటే కుంటుతున్నట్టు ఉండటం

అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే. ఒక కాలు తొందరగా కిందికి చేరుతుంది, రెండోది ఆలస్యంగా వస్తుంది. కుడికాలు ముందు పెట్టి నిలబడితే ఒక ఎత్తులో, ఎడమకాలు ముందు పెడితే ఇంకో ఎత్తులో ఉన్నట్టుంటుంది. "175 నాకు పడట్లేదు" అని 170 సెట్టు కొంటారు. అది వేయగానే అంతా సరిపోతుంది. ఇక అక్కడి నుంచి "నా ఎత్తుకు 170 కరెక్టు" అని మిగతావాళ్లకు కూడా చెప్పడం మొదలుపెడతారు. నిజానికి పొడవు మారినందుకు సరిపోలేదు. కొత్త సెట్టును సరిగ్గా బిగించినందుకు సరిపోయింది.

నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఈ మధ్య క్రాంక్ బేరింగులు మార్పించారా? వానల్లో నీళ్లలో తొక్కితే బేరింగులు గరగరలాడతాయి, వాటిని మార్చాలంటే ఒక ఆర్మ్ ఊడదీయాలి. త్రీ పీస్ క్రాంకుల్లో (రెండు ఆర్మ్‌లు, యాక్సిల్ విడివిడిగా ఉండేవి) చాలావాటికి యాక్సిల్ మీద 48 సన్నని గాళ్లు ఉంటాయి. తిరిగి ఎక్కించేటప్పుడు ఒక్క గాడి అటూ ఇటూ అయితే 7.5 డిగ్రీల తేడా. రెండు ఆర్మ్‌లు ఒకే గీతలో ఉండవు, కానీ సైకిల్ బోర్లాపెట్టి పక్క నుంచి చూస్తే అది కంటికి ఆనదు. 8 గాళ్ల యాక్సిల్‌కి ఈ గొడవ లేదు. అక్కడ ఒక గాడి తప్పితే 45 డిగ్రీలు, చిన్నపిల్లాడైనా పట్టేస్తాడు. వన్ పీస్ క్రాంక్‌కి అసలే లేదు, అది ఒకే కడ్డీ.

చెక్ చేయడానికి చదునైన నేల కావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ వద్దు, నీళ్లు పోవడానికి వాలు పెట్టి ఉంటారు. హాల్లో టైల్స్ మీద పెట్టి, ఎవరినైనా సైకిల్ నిటారుగా పట్టుకోమనండి. నేల నుంచి క్రాంక్ యాక్సిల్ మధ్యకు ఎంతుందో కొలవండి. కుడి ఆర్మ్ ముందుకు పెట్టి, పెడల్ యాక్సిల్ మధ్య కూడా సరిగ్గా అంతే ఎత్తులో ఉండేలా తిప్పి ఆపండి. ఇప్పుడు ఎడమ పెడల్ దగ్గర కొలవండి. అదీ అంతే రావాలి. 175 క్రాంక్‌కి రెండు సెంటీమీటర్ల పైన తేడా వస్తే ఒక గాడి తప్పినట్టే.

ఎడమ ఆర్మ్ బోల్టు విప్పండి. పించ్ బోల్టు (ఆర్మ్‌ను యాక్సిల్ చుట్టూ నొక్కిపట్టే బోల్టు) ఉంటే దాన్నీ వదులు చేయండి. రబ్బరు సుత్తితో వెనక నుంచి, యాక్సిల్ దగ్గరగా, కొద్దికొద్దిగా తట్టి బయటికి తీయండి. గాళ్లు గుడ్డతో తుడిచి గ్రీజు రాయండి. మళ్లీ పెట్టేటప్పుడు చేత్తో ఎంత లోపలికి పోతే అంతే తోసి, అక్కడే ఆగి మళ్లీ టేపు పెట్టండి. సరిపోయాకే బోల్టుతో లోపలికి లాగించండి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే గాళ్లు నలుగుతాయి, ఒకసారి నలిగాక ఆ ఆర్మ్ ఏ యాక్సిల్ మీదా గట్టిగా నిలవదు. ఒక రౌండ్ తొక్కి వచ్చి బోల్టు మళ్లీ బిగించండి. దీన్ని దాటేసేవాళ్లే నెల తిరక్కుండా లూజైందని వస్తారు.

ఎత్తు సమానంగా వచ్చినా కుంటుతూనే ఉంటే, ఆర్మ్‌లను ఒక్కోటిగా నిట్టనిలువుగా కిందికి పెట్టి పెడల్ నుంచి నేలకు కొలవండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో ఆన్‌లైన్‌లోనో సెకండ్ హ్యాండ్ కొన్న సైకిళ్లకు ఒకవైపు 175, ఇంకోవైపు 170 ఉండటం జరుగుతుంది. వంగిన ఆర్మ్ స్థానంలో దొరికింది వేసి అమ్మేస్తారు. అర సెంటీమీటరు తేడా కనిపిస్తే ఒక ఆర్మ్ మార్చడమే.

వంగిన యాక్సిల్, మెలిపడ్డ ఆర్మ్, ఫ్రేమ్‌లోనే వంకర లాంటివి పెద్దగా పడినవాళ్లకే వస్తాయి, వాళ్లకు సంగతి అప్పటికే తెలిసి ఉంటుంది. పెడల్ తిప్పుతుంటే పాదం ఊగుతోందంటే వంగింది పెడల్ యాక్సిల్. పెడల్ మార్చండి. త్రీ పీస్‌కి 9/16 అంగుళాల మర, వన్ పీస్‌కి 1/2 అంగుళం, ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుంది.