ఒత్తిడి మేజోళ్లు: తొడిగే ముందు, తొడిగి నడిచేటప్పుడు

శ్రీకాకుళం జిల్లాలో కాలు వాచిందంటే మొదట తోచేది బోదకాలు. అయితే పలాస జీడిపప్పు పరిశ్రమలోనో, బట్టల దుకాణంలోనో రోజంతా ఒకేచోట పనిచేసేవారికి సాయంత్రానికి చీలమండలు వాచి, పిక్కల మీద సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతుంటే అది సిరల లోపం కావచ్చు. సిరల్లోని కవాటాలు బలహీనపడితే పైకెక్కవలసిన రక్తం కాలిలోనే నిలిచిపోతుంది. ఒత్తిడి మేజోళ్లు చీలమండ వద్ద ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా బిగిసి దానిని పైకి నడిపిస్తాయి.

కానీ నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే సర్దుకుంటున్నా, పాదం చల్లబడుతున్నా, వేలి పుండు మానకున్నా లోపం ధమనుల్లో, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే నాళాల్లో, ఉండవచ్చు. అసలే రక్తం చాలని కాలికి బిగుతు మేజోడు హాని చేస్తుంది. అందుకే చేతి రక్తపోటుతో చీలమండ రక్తపోటును పోల్చే పరీక్ష చేయించుకోకుండా, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారూ, చుట్టగానీ, అడ్డపొగ (వెలిగించిన కొన నోట్లో ఉంచుకునే చుట్ట) గానీ తాగేవారూ, మందుల దుకాణంలో దొరికిన జతను కొని తొడగవద్దని గట్టిగా చెబుతున్నాను.

వైద్యులు 15–20 లేదా 20–30 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడి అని రాస్తారు. చుట్టుకొలతలను వాపు లేని ఉదయం వేళ తీయించుకోవాలి. మంచం దిగకముందే, నూనె రాయని పొడి కాలికి, మేజోడును మడమ దాకా తిరగేసి పాదం దూర్చి, మడమ కుదిరాక కొద్దికొద్దిగా పైకి లాగాలి. రబ్బరు చేతితొడుగులు ఉంటే పట్టు దొరుకుతుంది. పై అంచును మడిస్తే అక్కడ తాడు కట్టినట్టు బిగుస్తుంది కనుక మడవకూడదు. రాత్రి తీసి, చర్మం కందిందేమో చూసుకుని, మేజోడును ఉతికి నీడన ఆరవేయాలి. మే నెల ఉక్కలో వీటిని భరించడం నిజంగా కష్టమే. మోకాలి వరకు ఉండే రకం చాలామందికి సరిపోతుంది.

సిరల లోపం ఉన్నవారు మేజోళ్లతోనే నడవడం మంచిది, ఎందుకంటే అడుగడుగుకూ పిక్క కండరం సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది. నాగావళి గట్టుకు వెళ్లలేని రోజున గోడ పట్టుకుని మడమలెత్తి దించినా అదే పని జరుగుతుంది. ధమనుల లోపం ఉన్నవారు, వైద్యుడు సరేనన్నాక, మేజోళ్లు లేకుండా, నొప్పి బాగా తెలిసేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా 30 నిమిషాల చొప్పున వారానికి 3 రోజులు, కనీసం 12 వారాలు చేస్తే నొప్పి లేకుండా నడవగల దూరం పెరుగుతుంది.

ఒక్క కాలే హఠాత్తుగా వాచి, వేడెక్కి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు వ్యాయామం, మేజోడు రెండూ మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆయాసం కూడా తోడైతే 108కి ఫోన్ చేయాలి.