వ్యాపార భాగస్వామిని వెతికే వేదికలో ప్రొఫైల్ పేజీని కొత్తగా డిజైన్ చేయడం ఎలా?

వ్యాపారానికి భాగస్వామిని వెతికిపెట్టే చాలా వేదికల్లో ప్రొఫైల్ పేజీ అచ్చం రెజ్యూమెలా ఉంటుంది. పైన ఫొటో, కింద చేసిన ఉద్యోగాలు, ఆ కింద చదువు, చివర్లో ఎక్కడో ‘భాగస్వామి కోసం చూస్తున్నాను’ అనే ఒక ముక్క. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఆ వరస సరిపోతుంది. భాగస్వామి కోసం వచ్చినవాళ్లు చూసేవి వేరు. ఈ మనిషి ఏం తెస్తారు, ఏం ఆశిస్తున్నారు, ఏ షరతుల మీద కలుస్తారు? ఈ మూడూ తెలిస్తే మాట్లాడాలో వద్దో తేలిపోతుంది. ‘వద్దు’ అని త్వరగా తేలినా ఇద్దరికీ టైమ్ మిగులుతుంది. కాబట్టి రంగులు, ఫాంట్ల జోలికి వెళ్లేముందు పేజీలో ఏ సమాచారం ఉండాలో, ఏది ముందు రావాలో తేల్చుకోవాలి.

1. ముందు ఇన్‌బాక్స్ చదవండి

పాత పేజీలో ఏం లోపించిందో తెలుసుకోవడానికి సర్వే కన్నా మంచి దారి, యూజర్లు ఒకరికొకరు పంపుకున్న మొదటి మెసేజ్‌లు. అనుమతి ఇచ్చినవాళ్లవే తీసుకోండి. పేర్లు, నంబర్లు తీసేసిన తర్వాతే టీమ్ చేతికి ఇవ్వండి. ఓ వంద సంభాషణలు చదివితే చాలు, ఒకే రకం ప్రశ్నలు పదే పదే కనిపిస్తాయి. ‘మీరు ఫుల్‌టైమా, ఉద్యోగం చేస్తూనా?’, ‘పెట్టుబడి పెడతారా, పనే చేస్తారా?’, ‘వాటా ఎంత అనుకుంటున్నారు?’, ‘ఇప్పటికే ఇంకెవరైనా భాగస్వాములు ఉన్నారా?’ చాట్‌లో పదే పదే వస్తున్న ప్రతి ప్రశ్నా ప్రొఫైల్‌లో ఉండాల్సిన ఒక ఫీల్డే, అంటే యూజర్ నింపాల్సిన ఒక గడే. మీ కొత్త పేజీకి సగం స్పెసిఫికేషన్ ఇక్కడే దొరుకుతుంది.

ఆ తర్వాత నలుగురైదుగురు యూజర్ల పక్కన కూర్చోండి. ఐదుగురు యూజర్లతో పరీక్షిస్తే సమస్యల్లో చాలావరకు బయటపడతాయని యూజబిలిటీ (వాడకంలో సౌలభ్యం) నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. ఇప్పటికీ చాలా టీమ్‌లు పాటించే లెక్క అదే. పెట్టుబడి ఉండి మనిషి కోసం చూసేవాళ్లు ఒక రకం, ఐడియా ఉండి పెట్టుబడి కోసం చూసేవాళ్లు ఇంకో రకం. వాళ్లను కలిపేయకండి. పది ప్రొఫైళ్లు ఇచ్చి, ‘వీళ్లలో ఎవరితో మాట్లాడతారో చెప్పండి’ అని అడగండి. ఒక్కో పేజీ మూశాక, ‘ఈ మనిషికి ఏం కావాలి?’ అని అడగండి. జవాబు రాక తడబడితే తప్పు చదివినవాళ్లది కాదు, పేజీది.

2. ఉన్న ఫీల్డులను జల్లెడ పట్టండి

ప్రతి ఫీల్డునూ ఒక్కటే అడగండి: ఇది తెలిస్తే మాట్లాడాలా వద్దా అన్న నిర్ణయం మారుతుందా? మారితే పైన ఉండాలి. మారకపోయినా నమ్మకం పెంచేదైతే కింద. రెండూ కాకపోతే తీసేయండి. వయసు, పెళ్లి అయిందా లేదా లాంటివి అడగనే అడగొద్దు.

3. మొదటి స్క్రీన్‌కే ఎక్కువ టైమ్ పెట్టండి

ఫోన్‌లో స్క్రోల్ చేయకుండా కనిపించే భాగంలో మూడు వాక్యాలు ఉండాలి: తెచ్చేది, కావలసింది, ఇప్పుడున్న దశ. ఖాళీ పెట్టె ఇచ్చి ‘మీ గురించి రాయండి’ అంటే జనం రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

‘ఉత్సాహవంతుడైన ఆంత్రప్రెన్యూర్‌ని. పదేళ్ల అనుభవం. కొత్తగా ఏదైనా చేయాలన్న తపన.’

ఇందులో అబద్ధం లేదు, పనికొచ్చే ముక్క కూడా లేదు. ఆ ఒక్క పెట్టెను మూడు చిన్న పెట్టెలుగా విడగొట్టి, ఒక్కోదాని పైనా సూటి ప్రశ్న పెడితే అదే మనిషి ఇలా రాస్తారు:

‘తెచ్చేది: క్లినిక్‌లకు సాఫ్ట్‌వేర్ అమ్మిన ఎనిమిదేళ్ల అనుభవం, రెండు చోట్ల నడుస్తున్న బిల్లింగ్ యాప్. కావలసింది: ఆ యాప్ బాధ్యత మొత్తం తీసుకునే టెక్నికల్ భాగస్వామి, ఫుల్‌టైమ్. దశ: ఆదాయం మొదలైంది, బయటి పెట్టుబడి ఇంకా లేదు.’

ఒక్కో పెట్టెకు 120 అక్షరాల పరిమితి చాలు. పెట్టెలో లేత రంగులో చూపించే ఉదాహరణను మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి, ఎందుకంటే సగం మంది దాన్నే కాస్త అటూ ఇటూ మార్చి రాసేస్తారు. ఎంచుకున్న రంగాన్ని బట్టి ఉదాహరణ మారేలా పెడితే ఇంకా మంచిది.

4. షరతులు: అసలు కష్టం ఇక్కడే

సమయం, డబ్బు, వాటా, నిర్ణయాధికారం. ఇవి మొహమాటం పుట్టించే విషయాలు. ఎవరికి వాళ్లే రాసుకోమంటే ‘తర్వాత మాట్లాడుకుందాం’ అని తేల్చేస్తారు. అందుకే రాయించడం కన్నా ఎంచుకోమనడం మేలు. వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు: పదిలోపు, పది నుంచి ఇరవై ఐదు, ఫుల్‌టైమ్. పెట్టుబడికి అంకె అడగకుండా రేంజ్ ఇవ్వండి. వాటా దగ్గర ‘ఎంత శాతం?’ అని నేరుగా అడిగితే బేరానికి పనికొచ్చే అంకెలే వస్తాయి. దానికి బదులు ‘సమానంగా’, ‘పని, పెట్టుబడి చూసి మాట్లాడుకుందాం’, ‘మెజారిటీ నా దగ్గరే ఉండాలి’ అనే మూడు ఆప్షన్లు ఇస్తే నిజం బయటికి వస్తుంది. స్టార్టప్‌ల కోసమైతే ఇంకో ప్రశ్న కలపండి: వాటా ఒకేసారి కాకుండా ఏళ్ల మీద దక్కే వెస్టింగ్ పద్ధతికి ఒప్పుకుంటారా? నాలుగేళ్ల వెస్టింగ్, మొదటి ఏడాది నిండేదాకా ఏమీ దక్కకపోవడం అక్కడ బాగా వాడుకలో ఉన్న ఏర్పాటు.

‘ఇప్పుడే చెప్పలేను’ అనే ఆప్షన్ కూడా తప్పకుండా ఉండాలి. లేకపోతే జనం ఏదో ఒకటి నొక్కేస్తారు, మీ మ్యాచింగ్ అంతా ఆ ఏదో ఒకటి మీదే నడుస్తుంది. నైపుణ్యాలకూ ఇదే మాట. అందరూ తలో రకంగా టైప్ చేస్తే ‘మార్కెటింగ్’ ఒక్కటే ఐదు స్పెల్లింగుల్లో చేరి, ఫిల్టర్ సగం మందిని చూపించదు. సిద్ధంగా ఉన్న జాబితా ఇచ్చి, లేనిది సూచించే వీలు పెట్టండి.

5. టిక్ మార్క్ ఏం చెబుతోందో రాయండి

‘వెరిఫైడ్’ అనే ఒంటరి టిక్ మార్క్ అంత ప్రమాదకరమైనది ఈ పేజీలో ఇంకోటి లేదు. మీరు సరిచూసింది ఓటీపీతో ఫోన్ నంబర్‌ని మాత్రమే. చూసేవాళ్లు మాత్రం ఈ వ్యాపారమంతా నిఖార్సైనదని అనుకుంటారు. డబ్బు పెట్టే చోట ఆ తేడా చిన్నది కాదు. ‘ఫోన్ నంబర్ సరిచూశాం’, ‘కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం చూశాం’ అని విడివిడిగా, తేదీతో సహా రాయండి. సరిచూడనిదాన్ని ‘స్వయంగా చెప్పింది’ అని గుర్తు పెట్టండి.

6. ఎవరికి ఎంత కనిపించాలి?

ఉద్యోగం చేస్తూనే భాగస్వామిని వెతుక్కునేవాళ్లకు ఉండే పెద్ద టెన్షన్, బాస్ కంట పడతామేమోనని. అది తీరకపోతే వాళ్లు ప్రొఫైల్‌ను సగమే నింపుతారు. మూడు అంచెలు పెట్టండి: అందరికీ కనిపించేవి, లాగిన్ అయినవాళ్లకు కనిపించేవి, ఇద్దరూ ఒప్పుకున్నాకే తెరుచుకునేవి. ఫోన్ నంబర్, కంపెనీ పేరు, పెట్టుబడి రేంజ్ మూడో అంచెలోకి వెళ్లాలి. ఫలానా కంపెనీ వాళ్లకు కనిపించకుండా దాచే వీలూ ఇవ్వండి. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమలవుతున్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం, యూజర్ తనంతట తాను మార్చితే తప్ప వ్యక్తిగత సమాచారం అందరికీ తెరిచి ఉండకూడదు. ఆ చట్టం మీకు వర్తించకపోయినా డీఫాల్ట్‌గా అలాగే పెట్టుకోండి.

7. నింపే ఫారం, తాజాగా ఉంచే ఏర్పాటు

‘మీ ప్రొఫైల్ 70 శాతం పూర్తయింది’ అనే గీత నాకు అసలు నచ్చదు. దాన్ని వందకు చేర్చడానికి జనం చెత్త నింపుతారు. దాని బదులు కారణం చెప్పండి: ‘వారానికి ఎన్ని గంటలు ఇస్తారో రాయలేదు, టైమ్ ఫిల్టర్ పెట్టి వెతికేవాళ్లకు మీరు కనిపించరు.’ ఈ ఒక్క వాక్యం ఆ గీత కన్నా బాగా పనిచేస్తుంది. డ్రాఫ్ట్ దానంతటదే సేవ్ కావాలి. ‘ఇతరులకు ఇలా కనిపిస్తుంది’ అనే బటన్ పైన చెప్పిన మూడు అంచెలకూ విడివిడిగా చూపించాలి.

భాగస్వామి దొరికాక కూడా ప్రొఫైల్ అలాగే పడి ఉండటం ఇలాంటి వేదికలన్నిటికీ పట్టిన జబ్బు. కొన్ని వారాలకోసారి ‘ఇంకా వెతుకుతున్నారా?’ అని ఒక్క నొక్కుతో జవాబిచ్చే మెసేజ్ పంపండి. జవాబు రాకపోతే సెర్చ్‌లో కిందికి దించండి. పేజీ మీద ‘చివరిగా సరిచూసుకున్న తేదీ’ వేయండి.

8. అందరూ వాడగలిగేలా

ఇది చెక్‌లిస్ట్ పనే, ఎక్కువ చర్చ అక్కర్లేదు. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండేందుకు పెట్టిన ప్రమాణాలు, డబ్ల్యూసీఏజీ, చెబుతున్నాయి. 2023లో వచ్చిన వాటి 2.2 వెర్షన్, నొక్కే చోట్లు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలంటుంది. ఫోన్‌లో వేలికి నా మటుకు 44 ఉంటేనే హాయి. పేజీలో అన్నిటికన్నా పెద్దగా ఉండే ఫొటో లేదా పేరా 2.5 సెకన్లలోపు కనిపించాలి. ఎక్కువసార్లు ఆలస్యం చేసేది ప్రొఫైల్ ఫొటోనే, దాన్ని చిన్నది చేసి పంపండి.

9. పాత ప్రొఫైళ్లను కొత్తదాంట్లోకి మార్చడం

పాత ‘మీ గురించి’ పేరాలోంచి ఊహించి కొత్త ఫీల్డులను మీరే నింపేయకండి. ఒక మనిషి షరతులను తప్పుగా చూపిస్తే పోయేది వాళ్ల పరువు. పాత పేరాను పేజీ అడుగున అలాగే ఉంచి, పైన ఖాళీగా వదిలి, లాగిన్ అయినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. పేజీ అడ్రస్ మారితే పాత లింకులకు 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లను కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టడం మరవొద్దు. చాలామంది ఆ లింకును విజిటింగ్ కార్డు మీద అచ్చేయించుకుని ఉంటారు.

విడుదల దగ్గర ఒక చిక్కు ఉంది. మామూలు ఏ/బీ టెస్ట్‌లా యూజర్లను లాటరీ వేసి రెండు గుంపులు చేస్తే, కొత్త పేజీ చూసే గుంపులోని మనిషి ఫీల్డులు నింపని పాత గుంపు ప్రొఫైళ్లను కూడా చూస్తారు. ఫలితం కలగాపులగం అవుతుంది. అందుకే ఒక రంగాన్నో ఒక ప్రాంతాన్నో మొత్తంగా కొత్తదానికి మార్చి, దాంతో పోల్చదగ్గ ఇంకోదాన్ని పాతదాని మీదే ఉంచండి. పేజీ మీద గడిపిన సమయాన్ని కొలవకండి, అర్థంకాని పేజీ మీద కూడా జనం ఎక్కువసేపే ఉంటారు. మొదటి మెసేజ్‌లలో ఎన్నింటికి జవాబు వచ్చింది, ఎన్ని సంభాషణలు కాల్ దాకా వెళ్లాయి అన్నవి చూడండి. ఇంకో అంకె కూడా పక్కన పెట్టుకోండి: ‘మీరు ఫుల్‌టైమా?’ అనే ప్రశ్న చాట్‌లో ఇంకా ఎన్నిసార్లు వస్తోంది? అది తగ్గకపోతే ఆ ఫీల్డ్ పేజీలో ఉన్నా ఎవరి కంటికీ ఆనట్లేదన్నమాట. దాని చోటు మార్చి మళ్లీ చూడండి.